ముల్లుకు కనబడని తీపి

మొన్న నిజామాబాద్‌లో మా ఇంటి నీళ్ల ఫిల్టరు బాగుచేయడానికి వచ్చిన మనిషి, గ్లాసులో పెన్నులాంటి మీటరు ముంచి, అంకె చూసి, నీళ్లు సాఫ్ ఉన్నాయని చెప్పి పోయాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నా ఈడు వాళ్లకు బోధన్ వైపు చెరకు బండ్ల వరుసలు, గాలినిండా మడ్డి వాసన గుర్తుండే ఉంటాయి. అక్కడొక చక్కెర ఫ్యాక్టరీ లాబొరేటరీలో నాకు కొలువు పెట్టించింది, ఆ ఫ్యాక్టరీలోనే బాయిలరు నడిపే మా మేనమామ. పాకం కాచే ఆవిరి చల్లారి నీరై మళ్లీ బాయిలరుకే పోయేది; ఎక్కడన్నా గొట్టం కారి అందులో పాకం కలిస్తే బాయిలరు లోపల మాడి అడుగంటుతుంది గనుక, గంటగంటకూ ఆ నీటిని పరీక్షించడం నా పని. మందు చుక్కలు వేసి ఆసిడు పోస్తే, తీపి ఉన్న నీటిలో ఊదారంగు వలయం కనబడేది. ఒక ఏడు, నీరు కరెంటును ఎంత పోనిస్తుందో ముల్లుతో చూపే కొత్త మీటరు వచ్చింది. చేతులు కాలే పని తప్పిందని సంబరపడి, ముల్లు ఒక్కటే చూసి కాగితం నింపడం మొదలుపెట్టాను. ఉప్పు కలిసిన నీరు కరెంటును పోనిస్తుంది గానీ చక్కెర కలిసినంత మాత్రాన పోనివ్వదు, అంటే ఆ ముల్లుకు తీపి కనబడదు. చదువుకున్న పాఠమే, నా బుర్రకు తట్టలేదు.

ఒక పొద్దున మామ చెంబుతో ఆ నీళ్లు తెచ్చి, "నాలిక మీద ఏస్కొని సూడు అల్లుడా, తియ్యగ కొడుతున్నయి" అన్నాడు. మీటరు మంచిగానే చూపిస్తున్నదని నేను నవ్వాను. అల్లుడి చదువు మీద ఆయనకు అంత నమ్మకం. పోయి బాయిలరుకు ఆ నీళ్లే పెట్టాడు. మర్నాటికి బాయిలరు గొట్టాలు ఉబ్బి పగిలాయి, ఫ్యాక్టరీ ఆగిపోయింది.

విచారణలో నా కాగితం ప్రకారం నీళ్లు శుభ్రం, కాబట్టి తప్పు బాయిలరు నడిపిన మనిషిదే అయింది. నేను ఆ గదిలోనే ఉన్నాను. చెబుదామని లేచాను కూడా, మళ్లీ కూర్చున్నాను. చెంబు నీళ్ల సంగతి మామా ఎత్తలేదు. ఆయనను పనిలోంచి తీసేశారు.

ఆ తర్వాత ఆయన వర్నిలో పొలం కౌలుకు చేసుకుంటుంటే, అంతా చెప్పేద్దామని నాలుగైదుసార్లు పోయాను. పోయిన ప్రతిసారీ పక్కింటి వాళ్లను పిలిచి, "మా అల్లుడు, శాన సదువుకున్నడు" అని నన్ను చూపించేవాడు. నేను చాయ్ తాగి వచ్చేవాడిని.

ఇప్పుడు మామ లేడు, ఫ్యాక్టరీ గోడల నడుమ తుమ్మచెట్లు మొలిచాయి, నాతో పనిచేసిన వాళ్లూ ఒక్కరొక్కరే పోయారు. తప్పు నాదని ఈ వయసులో ధైర్యం చేసి చెబుదామన్నా, వినవలసిన వాళ్లెవరూ మిగల్లేదు.