నగరి కొయ్య కెమెరాకు పుత్తూరు ఎక్స్‌రే ఫిల్ము

ఈ ప్రయాణం మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మొదలైంది. నేను తిరుపతిలో ఉంటూ రోజూ శ్రీ సిటీకి బస్సులో పోయి వస్తుంటాను. వారానికి ఆరు రోజులు తెర ముందు కూర్చుని వస్తువుల మీద గీతలు వెతకడమే నా ఉద్యోగం. ఏడో రోజు కూడా తెర చూడబుద్ధి కాక పాత ఫిల్ము కెమెరాల పిచ్చిలో పడ్డాను. మా లైనులో పనిచేసే నగరి అమ్మాయి ఒక మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకుంటూ, తమ వీధిలో ఒక ఫోటో తాత ఉన్నాడనీ, ఆయన దగ్గర నల్లగుడ్డ కప్పుకుని చూసే పెద్ద కొయ్య కెమెరా ఉందనీ చెప్పింది. ఆ తర్వాత నాకు అన్నం సహించలేదు. ఆమె ఇచ్చిన నంబరుతో సాయంత్రం బస్సులోనుంచే ఆయనకు ఫోన్ చేశాను.

ఆయన పేరు మునిరత్నం. స్టూడియో మూసి చాలా ఏళ్లయింది. చెన్నైలో ఎవరో హోటలువాళ్లు ఆ కెమెరాను తమ ముందు హాల్లో అలంకారానికి పెట్టుకుంటామని అడుగుతున్నారట. శుక్రవారం బండి తెస్తామన్నారట. ఇష్టం లేకపోయినా ఇంట్లో ఊరకే చెదలు పట్టేకంటే నయమని ఆయన సరేనన్నారట. నాకు కావాలని అడిగాను. “పనిచేసే వస్తువును బొమ్మ మాదిరి నిలబెట్టేది నాకూ ఇష్టం లేదమ్మా. దీనికి ఫిల్మే రాదంటా ఉండారు, ఏం చేసేది? నువ్వు ఫిల్ము తెచ్చి దీంట్లో ఒక్క ఫోటో తీసి సూపించు. నీకే ఇచ్చేస్తా,” అన్నారు.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ కెమెరాకు చుట్ట ఫిల్ము పనికిరాదు, పలక మాదిరి విడి షీట్లు కావాలి. అవి మన దగ్గర దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. విదేశాల నుంచి తెప్పిస్తే నా జీతం దానికే సరిపోతుంది. అయితే బయటి దేశాల్లో నాలాంటి పిచ్చివాళ్లు కొందరు ఎక్స్‌రే ఫిల్మును కత్తిరించి ఇలాంటి కెమెరాల్లో వాడుతున్నారని చదివాను. ఎక్స్‌రే అనగానే మా వైపు ఎవరికైనా గుర్తొచ్చేది పుత్తూరే. చెయ్యి విరిగినా కాలు విరిగినా జనం ఆకుకట్టు కోసం అక్కడికే వస్తారు, కట్టు ఉన్నచోట ఎక్స్‌రే ఉంటుంది. పైగా పుత్తూరు నగరికి పోయే దారిలోనే ఉంది. నా వారం సెలవు ఆసారి బుధవారం పడింది. కెమెరాను మూటగట్టి తెచ్చుకోవడానికి ఒక లేతనీలం దుప్పటి, తాడు ముందురోజే సంచిలో సర్దేశాను. ఆశ అంటే అలా ఉంటుంది.

పొద్దున ఏడు దాటాక తిరుపతి బస్టాండులో పుత్తూరు బస్సెక్కాను. ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే మన రాష్ట్రం ఎక్స్‌ప్రెస్సుల్లో, పల్లెవెలుగుల్లో టికెట్టు ఉచితం. అదే దారిన పోయే చెన్నై బస్సులో అది చెల్లదు, ఎక్కేముందు బోర్డు చూసుకోండి. సుమారు గంటలో పుత్తూరు చేరాను. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, కట్టు కట్టించుకున్న చేతులు ఎటునుంచి వస్తున్నాయో చూసుకుంటూ నడిస్తే ఎక్స్‌రే సెంటర్లు వాటంతటవే కనిపిస్తాయి. మొదటి రెండు చోట్ల అంతా కంప్యూటరే. మూడోచోట ప్రమీల అనే టెక్నీషియన్ నా మాట విని నవ్వింది. వాళ్లకూ కొత్త మెషిను వచ్చేసిందట. పాత డార్క్‌రూములో ఇప్పుడు చీపుర్లు పెట్టుకుంటున్నారు. ఆ చీపుర్ల వెనకనుంచే సగం మిగిలిన ఫిల్ము పెట్టె తీసింది. కొన్న ధరకంటే తక్కువే తీసుకుని, ఫిల్ము కడిగే మందులు కూడా కూల్‌డ్రింకు బాటిళ్లలో పోసి, తాగొద్దని వాటి మీద పెద్దక్షరాలతో రాసింది. “ఎర్రలైటు తప్ప యాడా తెరవొద్దు మ్మా. ఇది అయిపోతే మా కాడ ఇంక లేదు,” అని గుమ్మందాకా వచ్చి చెప్పింది.

పుత్తూరు నుంచి నగరికి అరగంట పైన పడుతుంది. ఆ పెట్టెను ఒళ్లో పసిబిడ్డలా పట్టుకుని కూర్చున్నాను. కండక్టరు మిఠాయా అని అడిగాడు. కిటికీలోంచి నగరి ముక్కు కొండ కనిపించిందంటే దిగడానికి సిద్ధం కావచ్చు. ఊళ్లో అడుగుపెట్టగానే మరమగ్గాల చప్పుడు మొదలవుతుంది, మనం మళ్లీ బస్సెక్కేదాకా అది ఆగదు. ఆటో అతనికి ఫోటో తాత ఇల్లని చెబితే, “ఆయప్ప కొట్టు మూసేసినాడే, ఇప్పుడు ఫోటోకి పోతా ఉండారా?” అని అద్దంలో నన్ను వింతగా చూశాడు.

స్టూడియో అంటే వీధిలో ఒక పాత పెంకుటింటి ముందుగది, దానికో వరండా. కెమెరా మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. టేకు కొయ్య, తిప్పి బిగించే ఇత్తడి బిరడాలు, తోలు తిత్తికి అక్కడక్కడా నల్లగుడ్డ అతుకులు. చూడగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మునిరత్నం గారు డార్క్‌రూము కడిగి, ఎర్రబల్బు పెట్టి సిద్ధంగా ఉన్నారు. ఫిల్ము షీటును కత్తిరిస్తానని ముందుకొచ్చి, చేతి అలవాటు కొద్దీ పాతకాలం ఫోటోల అంచుకు వంకీలు పెట్టే కట్టరుతో కత్తిరించేశారు. ఆ వంకీల షీటు కెమెరాలో ఫిల్ము పెట్టే చట్రంలోకి దూరలేదు. ఇద్దరం నవ్వుకుని, రెండోది కత్తెరతో కత్తిరించాం.

వరండా గోడకు సున్నం రాలి ఉందని, వెనక కట్టడానికి గుడ్డేదైనా ఉందా అని ఆయన అడిగారు. నా సంచిలోని దుప్పటి బయటికి తీయక తప్పలేదు. అది ఎందుకు తెచ్చానో ఆయనకు అర్థమైందనుకుంటాను. నన్నే నిలబెట్టి, నల్లగుడ్డ కింద దూరి చాలాసేపు సరిచేసుకుని, లెన్సు మూత తీసి తమిళంలో మూడు అంకెలు లెక్కపెట్టి మూశారు. కడిగి చూస్తే దుప్పటి ముందు పొగలాంటి మనిషి. ముక్కూ లేదు, మొహమూ లేదు. నేను కదల్లేదని ఒట్టేసి చెప్పాను. ఇంకొకటి తీశాం, అదీ అంతే. ఎక్స్‌రే ఫిల్ము ఇంతేనేమో అని ఆయన మొహం చిన్నబోయింది. నాకైతే శుక్రవారం వచ్చే హోటలు బండి కళ్లముందు కనిపించింది.

కారణం తెలిసింది భోజనానికి కూర్చున్నాక. వాళ్ల ఆవిడ పోసిన రసం గిన్నెలో సన్నగా అలలు లేస్తున్నాయి. ఆయన దాన్ని చూశారు, నేనూ చూశాను. పక్కింట్లో మరమగ్గాలు. ఆయన స్టూడియో నడిపిన రోజుల్లో ఆ ఇంట్లో ఉన్నవి చేమగ్గాలట, నేల కదిలేది కాదు. ఇప్పుడు గచ్చు, వరండా, కెమెరా కాళ్లు అన్నీ వణుకుతున్నాయి. మూడు అంకెలు లెక్కపెట్టే ఫోటోకు ఆ వణుకు చాలు.

పక్కింటికి వెళ్లి అడిగాం. మగ్గాల దగ్గరున్న సెల్వి అనే ఆమె చప్పుడులో మా మాట వినిపించక బయటికి వచ్చింది. మీటరు లెక్కన కూలి, మధ్యలో ఆపడం కుదరదు. “నాలుగింటికి టీ తాగేదానికి ఆపతాం తాతా. అప్పుడు తీసుకో. ఆ పక్క షెడ్డు వాళ్లకీ చెప్తాలే,” అంది. ఆ రెండు గంటలూ నేను వరండాలో కూర్చుని కెమెరానే చూస్తూ గడిపాను.

నాలుగింటికి ఒక మగ్గం ఆగింది, తర్వాత ఇంకొకటి, తర్వాత అన్నీ. వీధిలో కాకి అరుపు వినిపించింది. ఆ ఊళ్లో అంత నిశ్శబ్దం ఉంటుందని నేననుకోలేదు. సెల్వి టీగ్లాసు పక్కన పెట్టి, జుట్టుకు అంటిన దూది దులుపుకుని, ఎర్రచీరలోనే దుప్పటి ముందు నిలబడింది. మునిరత్నం గారు మూత తీశారు. మూడు లెక్కపెట్టారు. మూశారు. అందరూ ఊపిరి వదిలాక మళ్లీ మగ్గాలు మొదలయ్యాయి.

ఎర్రలైటు కింద పళ్లెంలో ఫిల్ము మెల్లగా నల్లబడింది. ఆయన దాన్ని అంచులు పట్టుకుని పైకెత్తి, “కండ్లు పడినాయి. సూడు మ్మా, కండ్లు పడినాయి,” అన్నారు. బయటికి తెచ్చి, ఫోన్‌తో దాన్ని ఫోటో తీసి, నలుపును తెలుపుగా తిప్పి సెల్వికి చూపించాను. దుప్పటి తెల్లగా పడింది. ఎర్రచీర, బొట్టు నల్లగా పడ్డాయి. ఈ ఫిల్ముకు ఎరుపు కనిపించదు. మొహం మాత్రం అచ్చంగా ఆమెదే. చాలాసేపు చూసుకుని, “రేపు మా నాయనను తోడుకోని వస్తా తాతా. ఆయప్పకి ఒక్క మంచి ఫోటో లేదు,” అంది.

“నాలుగింటికి రా,” అన్నారాయన వెంటనే.

ఆమె వెళ్లాక ఆయనకు నాకిచ్చిన మాట గుర్తొచ్చింది. నా వైపు చూసి, వంగి లెన్సు బిరడా విప్పడం మొదలుపెట్టారు. సంచిలోని తాడు అప్పటికే నా చేతిలోకి వచ్చింది. నిజం చెప్పాలంటే నేను ఆయన్ని వెంటనే ఆపలేదు. ఒక బిరడా ఊడేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత, “తాతా, రేపు వాళ్ల నాయనొస్తే దేంతో తీస్తావు?” అని అడిగాను. ఆయన విప్పిన బిరడాను మళ్లీ బిగించారు.

ఆరింటికి తిరుపతి బస్సు దొరికింది. ఫిల్ము పెట్టె అక్కడే వదిలేశాను, దుప్పటి కూడా. పుత్తూరు దాటేదాకా ఆ తాడును చుడుతూ విప్పుతూ కూర్చున్నాను. కెమెరా కోసం పోయి, దాన్ని బాగా పనిచేయించి, అందువల్లే పోగొట్టుకుని వచ్చాను. తర్వాత మెల్లగా సర్దుకున్నాను. ఫిల్మును బతికిస్తున్నామని నాలాంటి పిచ్చివాళ్లమంతా గొప్పగా రాసుకుంటాం, అది నా ఇంటి అరలో బతికితే ఎవరికి లాభం? ఆయన హోటలువాళ్లకు ఫోన్ చేసి రావొద్దన్నారని మా లైను అమ్మాయి చెప్పింది. ఇప్పుడు సెలవు దొరికితే చాలు, చీపుర్లు పెట్టుకున్న డార్క్‌రూములు వెతుక్కుంటూ పుత్తూరులో తిరుగుతున్నాను.

మీరూ వెళ్లాలనుకుంటే ఒకటే సూచన. నాలుగింటికి ముందే చేరుకోండి, ఎరుపు తప్ప ఏ రంగైనా వేసుకోండి. కెమెరా ఇస్తారా అని మాత్రం అడక్కండి. ఆ మనిషి ఇచ్చేసినా ఇచ్చేస్తారు.