బిడ్డా అని పిలిచే దుకాణం

మొన్న మా అన్న కొడుకు హన్మకొండలో కొత్త బట్టల షోరూము తెరిచి రమ్మంటే వెళ్ళాను. గుమ్మం పైన 'రా బిడ్డా, కూసో' అని ఇంత లావు అక్షరాలతో రాయించాడు. ఇప్పుడు మన యాసకు మంచి గిరాకీ ఉందని అడ్వర్టైజ్‌మెంటు వాళ్ళు చెప్పారట. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడిచ్చిన కూల్‌డ్రింకు ముట్టకుండానే బయటికొచ్చాను.

ఆ మాట మా బాపుది. వరంగల్ బజారులో ఉన్న మా పాత దుకాణానికి ఎవరొచ్చినా ఆయన వరుస కలిపే పిలిచేవాడు. తొర్రూరు నుంచి పెళ్ళి బట్టలకు వచ్చిన రైతులు అన్నలు, తమ్ముళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు వదినెలు, చెల్లెళ్ళు, వయసులో చిన్నవాళ్ళంతా బిడ్డలు. ముందు మంచినీళ్ళు, తర్వాత ఊరి ముచ్చట్లు, ఆ తర్వాతే చీర మడత విప్పడం. వరుస కలపకుండా బట్ట చూపించడమంటే, ఇంటికొచ్చిన వాళ్ళను వాకిట్లో నిలబెట్టి పంపడమే ఆయన లెక్కలో.

అన్న చదువు ముగించి దుకాణంలోకి వచ్చాక సార్లు, మేడమ్‌లు, ఫిక్స్‌డ్ రేట్లు వచ్చాయి. బాపుకు మాత్రం నోరు తిరగలేదు. ఒకనాడు ఎవరో ఆఫీసరు భార్యను ఆయన, "జర కూసో బిడ్డా, మంచి చీర తీస్త" అన్నాడు. ఆమె ముఖం మాడ్చుకొని లేచి వెళ్ళిపోయింది. దుకాణం నిండా జనం ఉండగానే అన్న, "సార్, మేడమ్ అనుడు రాకుంటే ఇంట్ల కూసో బాపూ" అన్నాడు. జాకెట్టు గుడ్డ కోసం వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. బాపు కండువా దులిపి భుజాన వేసుకొని, చెప్పులు తొడుక్కొని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అన్నాల వేళకు అన్న ఇంటికి రాగానే, "కూసోండ్రి సార్" అంటూ బాపు పీట జరిపాడు. అందరం నవ్వాం, అన్న కూడా నవ్వాడు. నాలుగు రోజులకు కోపం చల్లారుతుంది అనుకున్నాం. చల్లారడానికి అది కోపమైతే కదా! నన్ను, వదినెను, మనుమలను ఎప్పటిలాగే బిడ్డా అనేవాడు, అన్న ఒక్కడే సార్. ఎంతో మర్యాదగా, ఏళ్ళ తరబడి. దుకాణం గడప మళ్ళీ తొక్కలేదు.

చివరికి దవాఖానలో అన్న ఆయన చెయ్యి పట్టుకొని, ఒక్కసారి బిడ్డా అనమని పసివాడిలా ఏడ్చాడు. బాపు కళ్ళు తెరిచి, "మీకెందుకు సార్ తకలీఫ్, పోయి దుకాణం చూసుకోండ్రి" అన్నాడు. అవే ఆయన చివరి మాటలు.

ఇప్పుడు ఆటో అతను సార్, కూరగాయలతను సార్, అందరికీ అందరూ సార్లే, ఎవరికీ పట్టింపు లేదు. ముసలివాడైన మా అన్న మాత్రం ఎవరైనా అలా పిలిస్తే ముఖం తిప్పుకొని లోపలికి వెళ్ళిపోతాడు. చూస్తే జాలి పడాలి. నాకు జాలి రాదు.