నాంపల్లి గల్లీలో ఏడ్చే బల్ల

1966 ఆరంభంలో నన్ను వైర్‌లెస్ లైసెన్స్ ఇన్‌స్పెక్టరుగా హైదరాబాదులోని అబిడ్స్‌కు వేశారు. ఈనాటి పాఠకులకు ఈ హోదా వింతగా ఉంటుంది. అప్పట్లో ఇంట్లో రేడియో ఉంటే దానికి లైసెన్సు ఉండాలి, ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి దాన్ని పొడిగించుకోవాలి. లైసెన్సు లేని రేడియోలను పట్టుకోవడం నా పని. హోదాలో గుమాస్తాకు కాస్త పైన, సూపరింటెండెంటుకు చాలా కింద. నా సైకిలు గల్లీ మొగలో కనబడితే చాలు, రేడియోలు ఒకదాని వెంట ఒకటి నోరు మూసుకునేవి. ఆ ఊళ్లో నా అంతగా పాటలు ఆపినవాడు మరొకడు ఉండడు.

పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసి కొద్ది నెలలే అయింది. దొంగచాటుగా వార్తలు పంపే ట్రాన్స్‌మిటర్ల గురించి ఊరంతా పుకార్లు. ఆ రోజుల్లో నాంపల్లిలో ఇత్తడి సామాన్ల దుకాణం నడిపే నర్సింగరావు మా ఆఫీసుకు వచ్చి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"మా గోడవతల టీచరమ్మ ఇంట్ల ఏదో మిషిన్ ఉన్నది సార్. చేతుల్తోనే కాదు, కాళ్లతోని గూడ నడిపిస్తది. ఆమె తొక్కుడు మొదలువెట్టంగనే మా రేడియో ఏడుస్తది."

ఏ స్టేషన్ పెట్టినప్పుడని అడిగాను.

"ఏ టేషన్ పెట్టినా ఏడుపే సార్."

సూపరింటెండెంటు గారు కోస్తా నుంచి వచ్చిన పాతకాలపు అధికారి. ఆయన ఆజ్ఞ స్పష్టంగా ఉండేది. అది రిసీవరా, ట్రాన్స్‌మిటరా తేల్చాలి. రెండూ కాకపోతే అదేమిటో పేరు రాయాలి. 'ఏదో ఒక పరికరం' అని రాసుకొస్తే సంతకం పెట్టనన్నారు.

సుగుణమ్మ గారు క్రైస్తవ మిషన్ బడిలో పాటలు నేర్పే టీచరు. మెతుకుసీమ, అంటే మెదక్ వైపు మనిషి, యాభై దాటాయి, భర్త దేవదానం పోయి కొన్నేళ్లయింది. నేను వచ్చిన పని చెప్పగానే ముందుగదిలో దుప్పటి కప్పి ఉన్న దాన్ని చూపించి, దుప్పటి తీసి మడతపెట్టింది.

నేను ఉద్యోగంలో అటువంటిది చూడలేదు. నాలుగు ఇనుపకాళ్ల మీద తలుపు చెక్కంత టేకు పలక. దాని మీద పది తీగలు. కింద కుట్టుమిషను తొక్కుడుపలకను మూడు ముక్కలు కోసి బిగించారు. ఒక్కో ముక్క నుంచి సైకిలు బ్రేకు తీగ ఒకటి పైకి వెళ్లి పలకలో మాయమైంది. తీగల చివర చుట్టిన రాగి చుట్ట, దాన్నుంచి నల్లటి వైరు, ఆ వైరు కొసన ముందుభాగం లేని ఒక రేడియో. గోడకానించి పెద్ద స్పీకరు పెట్టె. వాల్వులు, వైర్లు, తొక్కడానికి మీటలు. ఫిర్యాదులో చెప్పిన మిషిన్ ఇదే.

"ఏమిటమ్మా ఇది?"

"మా ఆయన చేసిన బల్ల సార్."

"ఏం చేస్తుంది?"

"ఏడుస్తది. మంచిగ ఏడుస్తది."

ఇంట్లో దాని పేరే ఏడ్చే బల్ల అట. రేడియోకు లైసెన్సు అడిగాను.

"గది రేడియో కాదు సార్, రేడియో శవం. పాటలు వట్టుకునే భాగం మా ఆయన తీసేసిండు. గొంతొక్కటే మిగిలింది."

విప్పి చూశాను. నిజమే. స్టేషన్లు పట్టే చుట్టలు, కండెన్సరు లేవు. అందువల్ల రిసీవరు కాదు. మిగిలింది ట్రాన్స్‌మిటరు. అదే అయితే పోలీసుకు కబురు పెట్టి సామాను స్వాధీనం చేసుకోవాలి. స్వాధీనమైన సామాను మళ్లీ ముక్కలు కాకుండా తిరిగిరావడం నేను చూడలేదు.

"బడికి తెలుస్తదా సార్? పోలీసు కేసంటే ఉంచుకోరు," అందామె. ఆ మాట చాలా మామూలుగా అంది, కానీ మడతపెట్టిన దుప్పటిని మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టింది.

నాలుగు రోజులు గడువు తీసుకుని, కాగితం మీద బొమ్మ గీసుకుని, అబిడ్స్‌లో వాద్యాలమ్మే మల్లేశం దుకాణానికి వెళ్లాను. ఆయన బొమ్మను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తల్లకిందులుగా పట్టుకుని మగ్గమేమో అన్నాడు. సరిగా పట్టుకుని ఇస్త్రీ బల్ల అన్నాడు. చివరికి అడిగాడు.

"ఎట్ల మోగుతది?"

వినలేదన్నాను.

"వినకుంట వాద్యం పేరు జెప్పుమంటున్రా సార్? మీరు నడువున్రి, నేనొస్త."

దుకాణానికి తాళమేసి నా వెంట వచ్చాడు.

నర్సింగరావును ఆయన ఇంట్లో రేడియో పక్కన కూర్చోబెట్టాను. ఏడుపు మొదలవగానే గోడవతలి నుంచి కేక వేయాలి. నేను ఇవతల నా సంచిలోని చిన్న రిసీవరు పట్టుకుని కూర్చున్నాను. సుగుణమ్మ గారు బల్ల ముందు కూర్చుని, ఎడమచేతిలోకి నున్నటి ఉక్కుకడ్డీ తీసుకుంది. కుట్టుమిషను ఇరుసు అది. దాన్ని తీగల మీద ఆనించి కుడిచేత్తో మీటింది. తర్వాత కాలు నొక్కింది.

రెండు తీగలు కలిసి మోగుతున్నాయి. అందులో ఒకటి కదలకుండా నిలబడింది. రెండోది మెల్లగా పైకి లేచి, దాని పక్కకు చేరింది. మా అమ్మ వంటింట్లో పని చేసుకుంటూ తీసే కూనిరాగం గుర్తొచ్చి, రిసీవరు సంగతి కాసేపు మరిచాను. గుర్తొచ్చి అన్ని మీటర్ల బ్యాండ్ల మీదా తిప్పి చూశాను. గాలిలోకి ఏమీ వెళ్లడం లేదు, అంటే ట్రాన్స్‌మిటరూ కాదు.

మల్లేశం కిందికి వంగి మీటలు చూశాడు. "గిటారే సార్. ఒళ్లో పండవెట్టుకుని కడ్డీతోని వాయించే స్టీల్ గిటార్ ఉంటది గదా, దానికి కాళ్లొచ్చినయ్. పెడల్ స్టీల్ గిటార్ అంటరు. అమెరికా పుస్తకంల బొమ్మ చూసిన."

"మా ఆయన ఏ బొమ్మ చూడలే," అందామె. "కడ్డీ జరిపితే తీగలన్నీ కలిసి జరుగుతయ్. మా కీర్తనలల్ల ఒక గొంతు నిలవడితే ఇంకో గొంతు వంగాలె. చేతులు సాలక కాళ్లు వెట్టిండు."

"గాళ్లు కంపెనీల చేసిన్రు, ఈయన ఇంట్ల చేసిండు. గంతే ఫరకు," అన్నాడు మల్లేశం.

ఆమె మళ్లీ, ఈసారి గట్టిగా వాయించగానే గోడవతలి నుంచి కేక వినిపించింది. "ఏడుస్తున్నది సార్."

రేడియో ఆపమన్నాను. తర్వాత బాగా తగ్గిన గొంతుతో, "బంద్ జేసిన సార్. అయినా ఏడుస్తున్నది."

ఆమెను వాయిస్తూనే ఉండమని చెప్పి నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన భార్య నిమ్మకాయలు వెతుకుతోంది. రేడియో పెట్టిన చెక్క అల్మారా గోడకు మేకులతో కొట్టి ఉంది. ఆ గోడకే అవతల స్పీకరు పెట్టె. నేను రేడియోను రెండు చేతులతో ఎత్తాను. ఏడుపు ఆగింది. మళ్లీ అల్మారాలో పెట్టాను. ఏడ్చింది. గోడ అదురుకు మోగుతున్నది రేడియో కాదు, దాని చెక్కపెట్టె.

ఫిర్యాదు తేలింది. ఇక నియమం ప్రకారం నర్సింగరావును లైసెన్సు అడిగాను. ఆయన ఆ రేడియోను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"గిది రేడియో అని ఎవలన్నరు సార్? ఒట్టి పెట్టె మోగుతున్నదని మీరే చెప్తిరి గదా."

మర్నాడు పోస్టాఫీసు కౌంటరు దగ్గర వరసలో ఆయన కనిపించాడు. నాకు నమస్కారం చేయలేదు. అయితే రేడియోను మాత్రం ఎదుటి గోడకు మార్చాడు.

సూపరింటెండెంటు గారు నా నివేదికలో 'పెడల్ స్టీల్ గిటార్' దగ్గర ఆగి, పెడలుండేది సైకిలుకు కదా అన్నారు. ఎంత వివరించినా సంతకం పెట్టలేదు. చివరికి ఆయనే నా సైకిలు వెనక కూర్చుని నాంపల్లి వచ్చారు. సుగుణమ్మ గారు ఒక కీర్తన వాయించింది. అది పూర్తయ్యాక ఆయన ఇంకొకటి వాయించమన్నారు, పరిశీలన పూర్తి కాలేదని. మూడోది కూడా పరిశీలించాకే సంతకం పెట్టారు. బల్ల ఆ ఇంట్లోనే ఉంది. ఆమె పదవీ విరమణ దాకా బడిలోనే పనిచేసింది.

తర్వాత చాలా ఏళ్లు ఇదే శాఖలో పనిచేశాను. పేరు తెలియని యంత్రాలు మరికొన్ని ఎదురయ్యాయి. విప్పి చూస్తే దాన్ని దేంతో చేశారో తెలుస్తుంది. అదేమిటో తెలియాలంటే దాని పని దాన్ని చేయనివ్వాలి. పేరు రాయడం ఆ తర్వాత.