గన్నేరు వాళ్ళింటి పిల్ల

మొన్న ఇక్కడ అమెరికాలో, మా మోరిస్‌విల్‌లో మొక్కల దుకాణానికి వెళ్తే, గుమ్మం ముందే ట్రేల నిండా బిళ్ళగన్నేరు. గులాబీవి, తెల్లవి. "ఎండకి తట్టుకుంటుంది, పెద్దగా నీళ్ళక్కర్లేదు" అని చెప్పుకొచ్చింది అమ్మే అమ్మాయి. నవ్వాపుకోలేకపోయాను. ఆ మొక్క సంగతి నాకా చెప్పడం! మా అత్తగారి దగ్గర ఏళ్ళ తరబడి పాఠం విన్నదాన్ని.

ఆవిడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మా దగ్గరికి వచ్చేశాక శిష్యురాలిగా నేనొక్కదాన్నే మిగిలాను. ఆవిడకి మొక్కలంటే వంశాలూ, చుట్టరికాలూ. పుదీనా కాడ వేళ్ళ మధ్య తిప్పమని, "నాలుగు పలకలు తగిలాయా? తులసి వాళ్ళింటిదే" అనేవారు. అల్లం, పసుపు, ఏలకులు అక్కచెల్లెళ్ళట. తులసి కుటుంబం సౌమ్యులు, జలుబుకీ దగ్గుకీ పిలిస్తే పలుకుతారు. గన్నేరు కుటుంబం అలా కాదు. మొగ్గలోనే రేకలు మెలితిరిగి ఉంటాయి, బుద్ధీ అంతే. "వీళ్ళు బతికించనూ గలరు, చంపనూ గలరు. వీళ్ళతో చనువు పనికిరాదు" అని మురిసిపోతూ చెప్పేవారు. ఆవిడ స్వభావమూ ఇంచుమించు అదేనని నేను లోపల అనుకునేదాన్ని.

అలాంటి మనిషికి లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. కీమో మందుల్లో ఒకటి బిళ్ళగన్నేరు నుంచి తీసేదని డాక్టర్ నోట వినగానే "చూశావా, గన్నేరు వాళ్ళు దిగారు" అని నా భుజం మీద చరిచారు. కానీ ఆ మందుకే వేళ్ళు మొద్దుబారాయి. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేక ఒక పొద్దున ఏడ్చారు. ఎర్రబడ్డ ఆ కళ్ళు మా ఆయన కంటపడ్డాయి.

మనవాళ్ళకి శని ఆదివారాల్లో రోగిని చూడ్డానికి రావడం ఒక ముచ్చట. ప్రతివాళ్ళూ ఒక డబ్బా కూర, ఒక సలహా తెస్తారు. మా ఆయన స్నేహితుడి భార్య ఆ వారం ఫ్లాస్కు తెచ్చింది. అందులో పచ్చటి రసం.

"బిళ్ళగన్నేరు ఆకులే ఆంటీ, నేనే గ్రైండ్ చేశాను. మీ కీమో కూడా దీన్నుంచే కదా! ఇది నేచురల్, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. కీమో ఆపేసి ఇది స్టార్ట్ చేయండి."

అంతకన్నా ఘోరం, మా ఆయన అందుకున్నారు. "అమ్మా, ఒక్క నెల ట్రై చేద్దామా? నిన్నిలా చూడలేకపోతున్నాను." కన్నకొడుకు అడిగితే ఆవిడ కాదనలేరేమోనని నాకు భయమేసింది.

అత్తగారు లేచారు. మూత తిప్పడానికి వేళ్ళు సహకరించలేదు. నేను చెయ్యి వెయ్యబోతే కసిరారు. ఫ్లాస్కుని పొట్టకి అదిమిపట్టి, అరచేత్తో తిప్పి మూత తీసి, రసమంతా సింకులో పోసేశారు.

"నా ఒళ్ళు కొలిచి, దానికి తగ్గ మోతాదు నరంలోకి ఎక్కిస్తున్నారమ్మాయ్. ఆ చిటికెడు మందుకి ఎన్ని బస్తాల ఆకు కావాలో తెలుసా? నీ ఫ్లాస్కులో ఆ మందెంతో ఎవరికీ తెలీదు, తక్కిన విషాలు మాత్రం బోలెడు. తులసి కషాయం తెస్తే తాగేదాన్ని. గన్నేరు వాళ్ళింటి పిల్లని రుబ్బి పట్టుకొస్తావా?" అని, కొడుకు వైపు తిరిగారు. "నా వేళ్ళు పోతే పోనీరా. నేను మాత్రం పోను. సోమవారం కీమోకి నువ్వే డ్రైవ్ చేస్తున్నావు."

ఆ అమ్మాయి ముఖం మాడ్చుకుని వెళ్ళింది. ఇంటికొచ్చినవాళ్ళని అవమానించారని నలుగురూ అన్నారు. అననీ. నాకైతే ఈల వెయ్యాలనిపించింది.

సోమవారం కీమో పడింది, ఆ తర్వాతవీ పడ్డాయి. జబ్బు తోక ముడిచింది. వేళ్ళు మాత్రం మళ్ళీ బాగవలేదు. హుక్కులు చివరిదాకా నేనే పెట్టాను, సరిగ్గా పెట్టలేదని తిట్లూ తిన్నాను. జబ్బు తిరగబెట్టేసరికి చాలా ఏళ్ళు గడిచాయి. ఆ ఏళ్ళలో మనవరాలికి తెలుగు చదవడం నేర్పారు, అలిగి వెళ్ళినావిడ కూతుర్ని పిలిచి కూర్చోబెట్టి బయాలజీ చెప్పారు, నాతో రోజూ పోట్లాడారు. కాలం ఎవరికైనా తనకి తోచినంత ఇచ్చి ఇక పొమ్మంటుంది. మా అత్తగారు మాత్రం కదలకుండా నిలబడి, దబాయించి, ఇంకాస్త పుచ్చుకున్నారు.