గట్టెక్కిన బొమ్మ

ఇన్నేళ్లుగా వీడియో గేములు అమ్ముతున్నాను గానీ వాటిని రెండుసార్లే ఆడాను. రెండుసార్లూ నా ఇష్టంతో ఆడింది కాదు. మొదటిసారి ఒక తల్లి చూడకుండా ఆడాను, రెండోసారి పోయిన వారం ఇంకొక తల్లి కళ్లెదురుగానే ఆడాను. ఈ సంగతి రాయకపోతే మా కొట్టు ఎందుకింత బాగా నడుస్తోందో ఎవరికీ తెలియదు. బాగా నడుస్తోందని జనం నన్ను మెచ్చుకుంటుంటే వినడం ఇక నావల్ల కావడం లేదు.

కొట్టు పలాసలో, కాశీబుగ్గ నుంచి స్టేషనుకి వెళ్లే దారిలో ఉంది. నాన్న ఉన్నప్పుడు అది వాచీల రిపేరు కొట్టు. ఆయనకో పద్ధతి ఉండేది. వాచీ విప్పేటప్పుడు దాని సొంతదారుని ఎదురుగా కూర్చోనిచ్చేవాడు కాదు. "అలా ఎల్లి టీ తాగి రండి బావూ" అని పంపేసేవాడు. ఆగిపోయిన తన వాచీని ఏ మనిషీ కళ్లారా చూడకూడదని ఆయన నమ్మకం. నేను నవ్వేదాన్ని. శకునం, దిష్టి, ఎదురు రావడం, ఇవేవీ నా దగ్గర చెల్లవు. నోరు కూడా కాస్త పెద్దదే.

నాన్న పోయేసరికి వాచీలు కట్టుకునేవాళ్లూ తగ్గిపోయారు. అదే బల్ల మీద రిమోట్లు, ఛార్జర్లు పెట్టాను, తర్వాత టీవీ గేములు తెచ్చాను. టీవీకి రెండు వైర్లు గుచ్చి, క్యాసెట్ పెట్టి ఆడే రకం. క్యాసెట్ పలక్కపోతే పిల్లలు దాని నోట్లోకి ఊది మళ్లీ పెట్టేవారు, పలికేది. పరీక్షలైపోయిన వారం కొట్టు ముందు నిలబడడానికి చోటుండేది కాదు. ఆ వెనక చేత్తో పట్టుకుని ఆడే రకం వచ్చింది. అరచేతిలో ఇమిడే డబ్బా, చిన్న తెర, లోపల నాలుగు వందల ఆటలు. "సెల్‌ఫోన్లొచ్చాక ఇవెవులు కొంటారమ్మా" అని సరుకిచ్చే ఆయనే నిరుత్సాహపరిచాడు. ఆయన అంచనా తప్పింది. చాలా ఇళ్లలో ఫోను ఒకటే, అది తండ్రి జేబులో ఉంటుంది. జీడిపిక్కలు ఒలిచే అమ్మలు పిల్లలు ఒకచోట కుదురుగా ఉంటారని కొన్నారు. కిడ్నీలు పాడై ఆస్పత్రిలో నాలుగేసి గంటలు రక్తం శుద్ధి చేయించుకునే కవిటి వాళ్లు కొన్నారు. అందరికంటే ఎక్కువ కొన్నది సముద్రం మీదికి వేటకెళ్లేవాళ్లు. ఒడ్డు వదిలాక ఫోనులో సిగ్నలుండదు మరి.

నాలుగు వందల్లో జనం ఆడేది మాత్రం మొదటి ఆటే. అందుకని మా ఉద్దానం ఊళ్లలో ఎక్కడికెళ్లినా దాని పాటే వినపడేది. టెక్కలి బస్సులో వెనక సీటు నుంచి, పూండి స్టేషనులో ఖాళీ బెంచీ పక్కనుంచి. ఒకసారి మధ్యాహ్నం పూట కవిటి దగ్గర కొబ్బరితోటలో నడుస్తుంటే అది కుడివైపు నుంచి వినపడింది. ఆగి చూస్తే ఎవరూ లేరు. నాలుగడుగులు వేశాక ఎడమవైపు నుంచి వినపడింది. ఎవడో పిల్లాడు దాక్కుని నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. పాట ఆగిపోయింది. ఆ తర్వాత పిల్లాడి నవ్వు వినపడుతుందని ఎదురు చూశాను, వినపడలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని రోడ్డు దాకా గబగబా నడిచాను.

ఆ ఆట ఏమిటో చెప్పాలి. చిన్న బొమ్మ మనిషి పరుగెడుతూ ఉంటాడు. దారిలో నీళ్లు అడ్డొస్తాయి, గెంతించాలి. తెర పైమూల మూడు ఎర్ర గుండెలుంటాయి. నీళ్లలో పడ్డప్పుడల్లా ఒక గుండె పోతుంది, మూడూ పోతే ఆట అయిపోయినట్టే. మధ్యలో మీట నొక్కితే బొమ్మ ఎక్కడివాడు అక్కడే నిలిచిపోతాడు. అలా ఎంతసేపైనా ఉంటాడు, డబ్బాలో ఛార్జింగు ఉన్నంత వరకు. అది అయిపోతే ఆట పోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. గుర్తు పెట్టుకోవడం ఆ డబ్బాకి తెలియదు.

మూడు రోజులు విడవకుండా గాలి వీచిన తర్వాత ఒక రోజు. సముద్రం పక్క ఊళ్లలో కరెంటు తీగలు తెగిపోయాయని చెప్పుకుంటున్నారు. మధ్యాహ్నం కావస్తుండగా ఒకావిడ ఆటో దిగి కొట్లోకి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. తల మీద చేపల గంప లేకపోయినా ఉన్నట్టే మెడ నిటారుగా పెట్టి నడుస్తోంది. కొంగు చాటున దేన్నో రెండు చేతులతో, గాలికి దీపం ఆరిపోకుండా పట్టుకున్నట్టు పట్టుకుంది.

"తల్లీ, ఇది ఆరిపోకూడదు. బేగి సార్జింగెట్టు."

కొంగు తీసి చూపించింది. నేను అమ్మిన డబ్బానే. తెర వెలుగుతోంది, ఛార్జింగు అయిపోవచ్చిందని కింద ఎర్ర లైటు కొట్టుకుంటోంది. తెర మీద బొమ్మ సగం గెంతులో ఆగి ఉన్నాడు. కాళ్ల కింద నీళ్లే ఉన్నాయి.

"ఆపేసి ఇచ్చీ అప్పా, రెండు గంటల్లో నిండిపోద్ది" అన్నాను. మా వైపు అక్కని అప్పా అంటాం.

"ఆపకూడదు!" అని ఆమె అరిచిన అరుపుకి పక్క కొట్టాయన తొంగి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "మా గుంటడు ఆడతన్నాడు. బోటు తోసేత్తన్నాం రారా అని ఒడ్డుకాడ కేకేసినారు. ఆడు ఇలాగ నొక్కీసి నా సేతిలో ఎట్టినాడు. అమా, ఆపకు, నానొచ్చి గెంతుతాను అన్నాడు. మూడ్రోజులైంది తల్లీ. ముగ్గురెల్లినారు, ఒక్కడూ రానేదు. మా ఊల్లో పొద్దుటేల కరెంటు పోనాది."

తెర మీద వేలు పెట్టకుండా, కాస్త ఎడంగా పెట్టి చూపించింది. "సూడు. నీల్ల మీదున్నాడు గాని పడిపోనేదు. పడిపోనేదు గదా?"

మరో రోజైతే నా నోరు ఊరుకునేది కాదు. బొమ్మకీ నీ కొడుక్కీ ఏటమ్మా సంబంధం అని కసిరేదాన్ని. ఆమె కళ్లు చూశాక ఆ మాట గొంతు దాటలేదు.

"పడిపోలేదప్పా" అన్నాను.

ఛార్జరు తెచ్చి గుచ్చాను. పట్టలేదు. ఉప్పుగాలికి లోపలి రేకు తుప్పు పట్టి వదులైపోయింది. వైరుని ఒక పక్కకి నొక్కి పట్టుకుంటేనే ఛార్జింగు ఎక్కుతోంది. సన్న పటకారుతో రేకుని కొంచెం వంచాలి. ఆ పటకారు నాన్నదే. దాన్ని చేతిలోకి తీసుకోగానే నాన్న అలవాటు కూడా నోట్లోకి వచ్చింది.

"ఎనకాల కుళాయుంది. మొహం కడుక్కుని నీళ్లు తాగి రా అప్పా. పొద్దుటి నుంచీ ఏటీ తిన్నట్టు లేవు."

"ఆరిపోదు గదా?"

"నేనున్నాను కదా" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆమె కొట్టు వెనక్కి వెళ్లింది. పటకారు లోపల పెట్టి రేకుని అంటీ అంటనట్టు తాకానంతే, తెర నల్లబడిపోయింది. నల్లటి అద్దంలో నా మొహం కనపడింది. వెనకాల కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది.

రేకు మాత్రం సరిగ్గా వంగింది. వైరు గుచ్చి డబ్బా వేస్తే వెలిగింది. సౌండు పూర్తిగా తగ్గించి మొదటి ఆట పెట్టాను. బొమ్మ పరుగెత్తాడు. ఏ మీట నొక్కితే గెంతుతాడో నాకు తెలియదు. వందల డబ్బాలు అమ్మిన మనిషికి అదొక్కటీ తెలియదు. అతను నేరుగా వెళ్లి నీళ్లలో పడ్డాడు. మునిగేటప్పుడు రెండు చేతులూ పైకెత్తుతాడు, అది నేను అంతకుముందెప్పుడూ గమనించలేదు. ఒక గుండె పోయింది. రెండోసారి గెంతించాను గానీ తొందరపడ్డాను. అవతలి గట్టు అంచు కాళ్లకి తగిలింది, తగిలి జారిపోయాడు. మళ్లీ చేతులెత్తాడు. ఒకటే గుండె మిగిలింది. కుళాయి చప్పుడు ఆగిపోయింది. మూడోసారి నీళ్ల దగ్గర గెంతించి, గాల్లో ఉండగా ఆపాలనుకున్నాను. వేలు కదల్లేదు. బొమ్మ అవతలి గట్టు మీద దిగాడు. అప్పుడు నొక్కాను.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. డబ్బా ఇచ్చాను. చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఆమె తెర వంక చాలాసేపు చూసింది.

"గట్టెక్కీసాడు" అంది మెల్లగా. తర్వాత నా భుజం పట్టుకుని ఊపేసింది. "తల్లీ, గట్టెక్కీసాడు సూడు! ఎవులూ ముట్టుకోకండానే గట్టెక్కీసాడు!"

ఆమె నవ్వుతోంది, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. అప్పుడింకేం చెప్పను? వెళ్లబోతూ మళ్లీ తెర చూసుకుని ఆగింది.

"గుండెలు మూడుండేవి గదేటి? ఒకటే ఉంది."

"ఛార్జింగు తగ్గితే అలాగే చూపిస్తాది" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా రావడం నాకే ఆశ్చర్యం వేసింది. దారిలో ఆరిపోకుండా ఒక పవర్ బ్యాంకు కూడా తగిలించి పంపాను.

మర్నాడు ఆటో అతను వచ్చి చెప్పాడు. బోటు తిరగబడిందట. ఆమె కొడుకు ఐసు పెట్టె మూత పట్టుకుని ఈదుతూ, ఇచ్ఛాపురం అవతల ఒరియా వాళ్ల ఊరి దగ్గర ఒడ్డు చేరాడట. సంతోషంతో ఆటో అతనికి టీ చెప్పాను.

"మిగతా ఇద్దరూ?"

"దొరకలేదమ్మా. ఈడొక్కడే."

అతను టీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టేలోపల నాకు ఆ తెర పైమూల గుర్తొచ్చింది. మూడు గుండెల్లో ఒకటే మిగిలింది. పిచ్చి ముఖమా, వాళ్లు ఏ మొదటి రోజో పోయుంటారు, బొమ్మలాటకీ సముద్రానికీ ఏం సంబంధం అని నన్ను నేను తిట్టుకున్నాను. ఎన్నాళ్లు తిట్టుకున్నా ఆ మాటకి బలం చాలలేదు.

నెల తిరక్కుండా ఆ కొడుకే వచ్చాడు. పాతికేళ్లవాడు, ఎండకి కమిలిపోయిన మొహం. డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నాను గెంతుతుండగా ఆపీసినాను. ఎవులాడినారమ్మా దీన్ని?"

"నేనే" అన్నాను.

"రెండుసార్లు పడిపోనావు గదా?"

తలూపాను. అతనికి కోపం రాలేదు. స్టూలు మీద కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. మూడు రోజులూ ముగ్గురూ ఆ మూత పట్టుకునే తేలారట. మూడో రోజు పొద్దు నెత్తి మీదికి వస్తుండగా ముందు పెద్దాయన వదిలేశాడు. "ఉన్నట్టుండి రెండు సేతులూ ఎత్తీసాడమ్మా, పిలుత్తున్నా ఇనకండా. రెండోవోడికి కాలికి ఇసక తగిలింది. తగిలిందిరా అని కేకేసినాడు. అంతలోకే జారిపోనాడు."

ఆ ఇద్దరూ ఎలా పడ్డారో, నా చేతిలో బొమ్మ ఎలా పడ్డాడో నేను అతనికి వివరంగా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదేమో, మొదటి నుంచి చివరి దాకా అతను నా మొహం వంక చూడలేదు. లేచేటప్పుడు మాత్రం, "అమ్మకి సెప్పకు. ఆల్ల ఇల్లల్లో అసలు సెప్పకు" అన్నాడు. డబ్బా నా దగ్గరే వదిలేసి వెళ్లిపోయాడు.

మేమిద్దరం చెప్పలేదు గానీ, తల్లి ఊరుకుంటుందా? కొడుకు గట్టెక్కిన కథ చేపల గంపతో పాటు ఊరూరా తిప్పింది. అక్కణ్నుంచి మొదలైంది అమ్మకం. వజ్రపుకొత్తూరు వైపు నుంచీ, కవిటి వైపు నుంచీ ఆడవాళ్లు జట్లుగా వచ్చారు. వేటకెళ్లేవాడు బొమ్మని గెంతించి, నీళ్ల మీద ఉండగా ఆపి, డబ్బా ఇంట్లో పెట్టి వెళ్తాడు. తిరిగొచ్చాక తనే దింపుతాడు. అంతవరకు ఇంట్లోవాళ్లు కరెంటు చూసుకుంటారు. ఒక వీధిలోకి వెళ్లాను, పట్టపగలు. ప్రతి గుమ్మంలోంచీ లోపల గూట్లో చిన్న తెర వెలుగుతూ కనపడింది. ఒక్కోదానిలో ఒక్కో బొమ్మ, అందరూ గాల్లోనే ఉన్నారు. ఏ ఇంట్లోనూ పాట లేదు. నేను ఆ వీధి చివరిదాకా వెళ్లలేకపోయాను. సరుకిచ్చే ఆయన మాత్రం, పలాసలో ఏం మంత్రం వేశావమ్మా అని ఫోను చేస్తుంటాడు.

పోయిన వారం ఒకావిడ ఒక్కతే వచ్చింది. నల్లగా, సన్నగా ఉంది, నుదుట బొట్టు లేదు.

"మా పెద్ద గుంటడు రేపు మొదలెట్టి ఏటకెల్తన్నాడు. ఒక డబ్బా ఇయ్యి తల్లీ."

డబ్బా తీస్తూ ఏ ఊరని అడిగాను. చెప్పింది. తిరగబడ్డ బోటు వాళ్ల ఊరే అది, నా చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది.

"ఆ బోటు మాదే" అంది ఆమె. "రానోల్లలో పెద్దాయన మా ఆయనే. ఆల్లింట ఇదుంది, ఆడొచ్చీసాడు. మాకు అప్పుడు తెలవలేదు." నా చేతి వంక చూసి, "నీ సెయ్యి మంచిదంట. నీ సేతిలో ఎట్టాకే ఆ గుంటడు గట్టెక్కినాడంట. నువ్వే గెంతించి ఆపియ్యి తల్లీ" అంది.

ఇలా అడిగినవాళ్లందరినీ ఇన్నాళ్లూ కసిరి పంపేశాను, మీవాళ్ల చేత్తోనే నొక్కించుకోండి అని. ఈమెను కసరలేకపోయాను. నిజం చెప్పే దమ్మూ లేకపోయింది. చెబితే ఆమెకి మొగుడు రెండోసారి పోతాడు, నా చేతిలో.

ఆట పెట్టాను. బొమ్మ పరుగెత్తాడు. నీళ్లు వచ్చాయి. గెంతించాను, గాల్లో ఉండగా నొక్కాను. ఆగాడు.

ఆమె తెర పైమూల వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంది. "మూడూ ఉన్నాయి" అంది. ఆ తర్వాత నా కుడిచెయ్యి తీసుకుని రెండు కళ్లకీ అద్దుకుంది. వెనక్కి లాక్కునే ధైర్యం నాకు లేకపోయింది.