జెరోమ్ అంకుల్ చదివిన బెయిలు కాగితం

“నా బిడ్డ నన్ను మరిచిపోయుంటాదప్పా. ఇంగ నేను పోయినా ఎవురో అనుకుంటాది.”

కేజీఎఫ్ కోర్టు ఆవరణలో, జిరాక్స్ అంగడి పక్కనున్న రాతిబెంచీ మీద కూర్చుని ఒకామె అంటున్న మాటలవి. మా బాబు జనన పత్రంలో పేరు తప్పు పడితే, అఫిడవిట్ కోసం నేనూ ఆ రోజు అక్కడికి వెళ్ళాను. బాబుకు అప్పుడు ఎనిమిది నెలలు. ఆ మాట విన్నాక నా కాలు ముందుకు సాగలేదు.

ఆమె పేరు మునిలక్ష్మి. బూదికోట దగ్గరి పల్లె. పొలం గట్టు గొడవలో దాయాది తలకు ఆమె విసిరిన రాయి తగిలిందని కేసు. బెయిలిచ్చి, ఊళ్ళో అడుగు పెట్టకూడదన్నారు. మూడు నెలలుగా మాలూరు ఇటుక బట్టీ దగ్గర అన్న గుడిసెలో ఉంటోంది. ఏడాది బిడ్డ అత్త దగ్గరే ఉంది. బిడ్డను తెచ్చి చూపిస్తే తమ మీద కూడా కేసు పడుతుందని అత్తకూ మొగుడికీ భయం.

ఆమె పక్కన కూర్చున్న పెద్దాయన జెరోమ్. అక్కడ అందరూ జెరోమ్ అంకుల్ అంటారు. చదువు రానివాళ్ళకు కోర్టు కాగితాలు చదివి పెడతాడు.

“కోర్టులో ఏం చెప్పినారమ్మా?”

“ఊరికి పోవద్దనిరి.”

“ఎన్ని దినాలు?”

“అది నేను అడగలేదప్పా. అర్థమైందా అనిరి. అయింది స్వామీ అంటి. అంత పెద్దోళ్ళు అడిగితే కాలేదని ఎట్లనేది?”

“నీ మర్యాద సల్లగుండ! అదే నీ కొంప తీసింది. యాడుండాది కాగితం?”

ఆమె ప్లాస్టిక్ కవరులోంచి మడతలు నలిగిన కాగితం తీసింది. ఇంగ్లీషులో ఉంది. ఆయన వేలు పెట్టి రెండుసార్లు లోలోపల చదువుకున్నాడు.

“ఛార్జిషీటు వచ్చేదాకనే ఊళ్ళోకి పోకూడదని రాసుండాది. అంటే పోలీసోళ్ళు కేసు కాగితాలు కోర్టుకి ఇచ్చేదాక. ఇప్పుడు నేను మునిలక్ష్మి, నువ్వు జెరోమ్. నేను ఊరికి పోవచ్చునా?”

“పోవచ్చప్పా!”

“తప్పు. మళ్ళీ చెప్పు.”

మూడుసార్లు చెప్పించాడు. నాకే విసుగొచ్చింది. చివరికి ఆమె నిదానంగా అంది: “కాగితాలు కోర్టుకి వచ్చినాయో లేదో సూడాల. వచ్చింటే పోవచ్చు. రాకుంటే పోకూడదు.”

“ఆ. ఇప్పుడు బోను కదలొచ్చు” అన్నాడాయన.

బోను అంటే అక్కడి బంగారు గనిలోకి మనుషులను దించే ఇనప పంజరం. గనులు మూతపడేదాకా ఆయన దాన్ని నడిపే ఇంజను గదిలో పనిచేశాడు. కింద నుంచి గంట ఎన్నిసార్లు మోగితే, పై నుంచీ అన్నిసార్లు తిరిగి మోగించాలి. తిరిగి మోగించకుండా బోను కదిలిస్తే ఉద్యోగం పోతుంది, లేదా ప్రాణాలు పోతాయి. విన్నానంటే చాలదు, ఏం విన్నావో తిరిగి చెప్పాలి. కోర్టు గేటు దగ్గరికి ఆయన తెచ్చుకున్న పని అదొక్కటే.

“నేను లాయర్ను కాదు, నాతో రా” అని ఆమెను ఉచిత న్యాయసహాయం లాయరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ లాయరు కోర్టు ఆఫీసులో విచారించి చెప్పాడు: ఛార్జిషీటు వచ్చి ఐదు వారాలైంది, ఊరికి వెళ్ళొచ్చు, వాయిదాలకు మాత్రం తప్పక రావాలి.

మునిలక్ష్మి సంతోషపడలేదు. గోడకు ఆనుకుని కూలబడింది. “ఐదు వారాలా! ఉత్తపుణ్యానికి ఆడ కూసుంటి కదప్పా” అని ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, వాయిదా తేదీని అడగకముందే రెండుసార్లు అప్పజెప్పి, బస్సుకు పరిగెత్తింది.

ఈ పని ఎందుకు పట్టుకున్నారని అడిగాను. వాళ్ళన్న జెరాల్డ్‌కు చదువు రాదట. ఏదో దొంగతనం కేసులో, వేలిముద్ర వేస్తే ఇంటికి పోవచ్చని ఎవరో చెబితే వేశాడు. అది తప్పు ఒప్పుకున్న కాగితం. శిక్ష ముగిశాక సిగ్గుతో ఊరు విడిచి వెళ్ళాడు. ఇరవై ఆరేళ్ళయింది, తిరిగి రాలేదు.

“ఆ పొద్దు నాకు షిఫ్టుండె. లేకుంటే నేనే చదివి చెప్పుందును. ఇప్పుడు ఈ గేట్లో తల నెరిసినోడు ఎవురొచ్చినా ఎడమ చెవి చూస్తా. మాయన్నకి ఆ చెవి తమ్మె చీలుండాది.”

మాట్లాడుతూనే గేటు వైపు చూస్తున్నాడు. ఎవరూ రాలేదు.

నెల తర్వాత సరిచేసిన జనన పత్రం తీసుకోవడానికి ఆ వైపు వెళ్ళి, కోర్టు గేటు దగ్గర ఆయన్ను మునిలక్ష్మి సంగతి అడిగాను.

“బిడ్డ దగ్గరికి రాలేదంటమ్మా. అవ్వ సంకలో మొగం దాచుకునిందంట. మునిలక్ష్మి ఏం బలవంతం చేయలేదు. మూడు దినాలు ఎదురుగ్గా కూసుని సంగటి తినిపించింది. నాలుగో దినం కొంగు పట్టుకునిందంట.”

నాకు నా సంగతే గుర్తొచ్చింది. ఆ వారమే బాబుకు జ్వరమొస్తే డాక్టరు చెప్పిందానికల్లా తలూపి వచ్చి, ఇంటి దగ్గర మందు సీసా పట్టుకుని ఎంత వేయాలో తెలియక నిలబడిపోయాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. మిల్లీలీటర్లతోనే నా ఉద్యోగం. ఆ మాట ఆయనతో చెప్పుకున్నాను.

ఆయన నవ్వాడు. “సదువుకున్నోళ్ళేనమ్మా ఎక్కువ తలూపేది.”

అప్పుడాయన చెప్పినట్టే ఇప్పుడు చేస్తున్నాను, డాక్టరు దగ్గర నా వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణిగినా సరే: “కుర్చీలోంచి లేసే ముందర, నీకేం అర్థమైందో నువ్వే వాళ్ళకి చెప్పు. తప్పైతే వాళ్ళే దిద్దుతారు. వాళ్ళకి తొందరుండాది, నీకు బిడ్డుండాది.”