వీధి ఫోనుకు తాళం

అందరూ వాడుకునేదానికి తాళం వేసే హక్కు ఎవరికుంటుంది? చిన్నప్పటినుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది. మొన్న మా వీధి వాట్సాప్ గ్రూపు మూసేస్తుంటే మళ్లీ గుర్తొచ్చింది.

నర్సీపట్నంలో అప్పట్లో మా వీధి మొత్తానికి ఫోను మా ఇంట్లోనే. అందరూ చుట్టాలకు మా నంబరే ఇచ్చి పక్కన 'పీపీ', అంటే పక్కింటి ఫోనని, రాసేవారు, గుర్తుందా? వరండాలో నల్ల ఫోను, రిసీవరుకు పట్టేసిన కొబ్బరినూనె వాసన. దాన్నుంచి ఎవరో ఆకతాయి కాల్స్ చేశారని నాన్న డయలుకు చిన్న తాళం వేశారు. ఇంటర్నెట్టొచ్చాక ఇక ఇలాంటి తాళాలుండవని సంబరపడ్డదాన్ని నేను.

చీపుర్లు అమ్ముకోవడానికి కొండ దిగివచ్చినవాళ్లను పిల్లల్నెత్తుకుపోయేవాళ్లని గ్రూపులో ఎవరో పెట్టారు. వాళ్లమీద చెయ్యి చేసుకునేదాకా వెళ్లింది. అడ్మిన్‌ని కాబట్టి, ఇక ఎవరూ ఏమీ రాయకుండా మూసేశాను.

నిన్న సంతలో పక్కింటి నరసమ్మ పిన్ని పట్టుకుంది.

"ఏటే, అడ్మినైపోనావని అందరి నోరూ కట్టీసినావేటి? మనవడికి రక్తం కావాలని పెడదామంటే దారే నేదు!"

"దొరికిందా పిన్నీ?"

"దొరికింది. ఇల్లిల్లూ తిరిగినాను. మీ నాన్నగారు తాళమేసినా, తాళంసెవి మాకందరికీ తెలిసీలాగ కిటికీలో ఎట్టీవోరు."

ఇవాళ పొద్దుటినుంచీ ఫోను చేతిలోనే ఉంది. గ్రూపు తెరవాలో వద్దో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.